తూకంలోకి రాని కొసరు

మా ఇంట్లో నా గురించి ఒక ఎగతాళి ఉంది. నాకు మొదట వచ్చిన మాట ‘అమ్మ’ కాదట, ‘కొసరు’ అట. బోగోలులో మా నాయనది కిరాణా కొట్టు. గల్లాపెట్టె పక్కన గోనెసంచి మీద కూర్చోబెడితే పెరిగినవాణ్ణి. పప్పు తూచి, పొట్లం కట్టబోయే ముందు నాయన మరో గుప్పెడు తీసి పైన వేసేవాడు. తక్కెడ దిగిపోయాక చేత్తో వేసే ఆ గుప్పెడే కొసరు. జనం పప్పును చూసి మురిసేవాళ్ళు కాదు, ఆ గుప్పెడును చూసి మురిసేవాళ్ళు. దానికి నాయన ఒక కట్టుబాటు కూడా పెట్టుకున్నాడు. “కొసరు సంగతి నోటితో చెప్పగూడదురా. చెప్పినామంటే అది తూకంలో కలిసిపోతాది. మళ్ళీ ఇంకో కొసరు అడగతారు” అనేవాడు.

ఇప్పుడు ఆ కొట్టు నాది. నాయన కట్టుబాటు నాకు ఎంతగా ఒంటబట్టిందంటే, దానివల్ల నా గొంతు మూసుకుపోయే దాకా వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం దాకా మా కొట్టు మూత. చర్చి నుంచి వస్తూ నేను చేపలు తెస్తాను. చర్చి మలుపులో ఒకామె గంపలు పెట్టుకుని కూర్చుంటుంది. వయసులో నాకంటే చిన్నదే కానీ బేరంలో పెద్దది, అందుకని అక్కా అంటాను. ఆమె నన్ను అన్నా అంటుంది. ఈ వరసల్లో తేడా మా ఇద్దరికీ ఎప్పుడూ అడ్డం రాలేదు. మా బేరం చూడ్డానికి ఆరాధన ముగిసిన జనం కాసేపు ఆగేవాళ్ళు.

“ఇప్పుడే గదన్నా ప్రార్థన జేసుకోనొచ్చినావు, రవ్వంత దయ జూపించు.”

“దయ పాస్టరుగారి దగ్గిర అడుగక్కా. నా దగ్గిర బేరమే.”

ధర తెగాక ఆమె చేప కోసి నా సంచిలో వేసేది. నేను సంచి మూతి ముడవకుండా అలాగే తెరిచి పట్టుకుని, ఎటో చూస్తూ నిలబడేవాణ్ణి. నోటితో అడిగేది లేదు. “ఈ మనిషి సంచి మూయడమ్మా” అని అందరికీ వినబడేలా అని, ఆమె గంప అడుగున చేతికి దొరికింది గుప్పెడు తీసి వేసేది. ఒక్కోసారి చిన్నచేపలు, ఒక్కోసారి ఇంకేవో. నేను చూసేవాణ్ణి కూడా కాదు. కొసరు పడిందా లేదా అన్నదే నాకు కావాలి, ఏం పడిందన్నది కాదు.

మొదటిసారి అరచేతుల్లో దురద పుట్టింది. వంజరం చేపల పులుసు తిని చెయ్యి కడుక్కుంటున్నాను. కాసేపటికి కింది పెదవి లావెక్కింది. మా ఆవిడ చూసి నవ్వింది.

“ఏమయ్యా, బేరంలో ఆ యక్క చెయ్యిగాని జేసుకున్నాదా?”

సాయంత్రానికి తగ్గిపోయింది. మరుసటి ఆదివారం అదే వంజరం చేప, అదే పులుసు, ఏమీ కాలేదు. తర్వాత మళ్ళీ ఒక వారం ఒంటినిండా దద్దుర్లు. ఆపైన రెండు వారాలు సుఖంగా ఉన్నాను. ఒకరోజు ఒప్పుకుని మరురోజు మాట మార్చే బేరగాడిలా ఉంది ఈ జబ్బు. దాంతో వ్యాపారం ఎలా చేయాలో నాకు అంతుబట్టలేదు. మా కొట్టు పక్కనే మందుల షాపు నడిపే భాయ్ దగ్గర అలర్జీ బిళ్ళలు తెచ్చుకుని జేబులో వేసుకుని తిరిగేవాణ్ణి. “చేప పడడంల్యా” అని అందరికీ చెప్పేశాను. మనిషికీ మనిషికీ పొసగకపోయినా ‘పడదు’ అంటాం, తిండి ఒంటికి సరిపడకపోయినా ‘పడదు’ అంటాం. నాకూ చేపకూ పడటం లేదని కొట్టుకు వచ్చినవాళ్ళంతా, తగాదా తీర్చే పెద్దమనుషుల్లాగా, తలొక సలహా ఇచ్చిపోయారు.

అసలుది ఒక వానాకాలపు ఆదివారం జరిగింది. ఆ రోజు నేను బేరం ఆడిన తీరు ఇప్పటికీ తలుచుకుంటారు. అక్క చివరికి రెండు చేతులూ జోడించి, చేప ఇచ్చి, పైన రెండు గుప్పెళ్ళు వేసి పంపింది. దిగ్విజయంగా ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాను. చెయ్యి కడుక్కోకముందే పొట్లానికి పురికొస బిగించినట్టు గొంతు బిగుసుకుంది. మా ఆవిణ్ణి పిలవబోతే మాట కాదు, గరగర వచ్చింది. ఆమె నా ముఖం చూసి ఈసారి నవ్వలేదు. కేకేస్తే పక్కనే కాపురముండే భాయ్ మేడ మీంచి దిగొచ్చాడు, ఒక్క చూపు చూసి స్కూటర్ తీశాడు. మధ్యలో నేను, వెనక నన్ను రెండు చేతులా పట్టుకుని మా ఆవిడ. దారి పొడుగునా ఆమె నా చెవిలో ప్రార్థన చేస్తూనే ఉంది. మధ్యమధ్యలో “బాయ్, తొందరగా” అని కూడా ఆ ప్రార్థనలోనే కలిపేసింది.

కావలి ఆసుపత్రిలో ఇంజెక్షన్ ఇచ్చారు. గొంతు వదులయింది. ఆ రోజు నన్ను బతికించినవాళ్ళలో ఎవరితోనూ నేను బేరం ఆడలేదు, ఆడటానికి గొంతు లేదు. మంచం పక్కన భాయ్ అన్నాడు:

“పోయిన నెల బిళ్ళలకొచ్చి, ధర అడగకుండా తీసుకోనిపోయినావు జూడు, అప్పుడే అనుకున్నానన్నా, ఈ మనిషికి పెద్ద జబ్బే వచ్చిందని.”

అక్కడి డాక్టరుగారు, పరీక్ష చేయించుకునే దాకా చేప ముట్టవద్దని, నెల్లూరులో అలర్జీ డాక్టర్ని కలవమని చెప్పి పంపారు. నేను ఆలోచించాను. పరీక్షకు ఖర్చవుతుంది, చేప మానేస్తే మిగులుతుంది. ఇంత లాభసాటి వైద్యం ఎక్కడుంది? పరీక్ష వాయిదా వేసి చేప మానేశాను. నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

ఆ లెక్కలో నేను మా ఆవిణ్ణి కలుపుకోలేదు. ఆమెది వాకాడు అవతల సముద్రం ఒడ్డున పల్లె. వాళ్ళింట్లో చేప లేని పూటను పస్తు కిందే జమకట్టేవాళ్ళు. నేను మానేసిన వారమే ఆమె కూడా, ఎవరికీ చెప్పకుండా, వండటం మానేసింది. ఆదివారం పప్పుచారు, వేపుడు. అలా నెలలు గడిచాయి.

“నువ్వు వండుకో, నేను కొట్లో కూసుంటా” అన్నానొకసారి.

“నిన్ను గెంటేసి నేను గొంతులోకి యాడ దింపుకునేది? స్కూటర్ మీద నీ ఊపిరి నా చేతిలో దెలిసింది. నీకేం దెలుసు” అంది.

ఒక మధ్యాహ్నం పెరట్లోకి వెళ్ళాను. పక్కింట్లో చేపల పులుసు ఉడుకుతోంది. పచ్చిమామిడి ముక్కలు పడ్డ వాసన. మా ఆవిడ తీగ మీద ఆరేయబోయిన దుప్పటి చేతిలోనే పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఆ గోడవైపు ముఖం తిప్పి నిలబడి ఉంది. నన్ను చూడలేదు. నేను చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చి నెల్లూరు డాక్టరుకు ఫోన్ చేశాను. చేప మా ఇంటికి తిరిగి రావాలి, లేదా ఇక రాదని ఎవరైనా తెలిసినవాళ్ళు చెప్పాలి. ఈ మధ్యలో ఇలా వేలాడటం ఆమెకు శిక్ష.

మొదటిసారి పరీక్ష కాకుండానే తిరిగొచ్చాను. పరీక్షలో ఏమైనా తేడా వస్తే ఎందుకైనా మంచిదని, పొద్దున్నే ఒక అలర్జీ బిళ్ళ వేసుకుని వెళ్ళాను. డాక్టరమ్మ, మా పెద్దమ్మాయి ఈడుది, తల పట్టుకుంది. ఆ బిళ్ళ ఒంట్లో ఉంటే ఏ అలర్జీ పైకి కనిపించదట. కొన్నాళ్ళు మానేసి రమ్మంది. పరీక్షకు పోతూ జవాబులు చెరిపేసుకుని పోయినవాణ్ణి నేనొక్కణ్ణేనేమో.

రెండోసారి ఒంటరిగానే బస్సెక్కాను. మా ఆవిడ వస్తానంది, నేనే వద్దన్నాను. చేప ఇక తినకూడదని తేల్చేస్తే ఆ మాట ఆమె ముందు వినడం ఇష్టం లేకపోయింది.

“గొంతు బిగుసుకున్న రోజు ఏం తిన్నారు సార్?”

“వంజరం పులుసు, అన్నం, అప్పడం.”

“ఇంకేమైనా?”

“అంతే డాక్టరమ్మా.” అందులో నాకు అబద్ధమేమీ కనబడలేదు.

పళ్ళెంలో చిన్నచిన్న సీసాలు వరసగా పెట్టింది. ఒక్కోదానిలో ఒక్కో పదార్థపు రసం. చుక్క వేసి సన్నటి మొనతో చర్మం మీద పొడుస్తారు. పడనిదైతే అక్కడ దద్దురు పొంగుతుంది. సీసాకింత అని ధర. నాలో వ్యాపారి లేచి కూర్చున్నాడు.

“పాలు దీసేయండి. నేను టీ మీదనే బతకతా ఉండా.”

“సరే.”

“వేరుశనగ దీసేయండి. కొట్లో రోజంతా నమలతానే ఉంటా.”

“సరే సార్.”

“రొయ్య గూడా వద్దు. నేను రొయ్యలు కొననే కొనను.”

అది నిజం. చెరువుల్లో పెంచే రొయ్య ధర ఆ చెరువు గట్టు మీదే తేలిపోతుంది. బేరానికి లొంగని సరుకంటే నాకు చిరాకు. కానీ డాక్టరమ్మ అక్కడ ఆగింది.

“సముద్రం పక్కన ఉంటారు, రొయ్య లేకుండా పరీక్ష చేయలేను.”

“అట్టయితే దాన్ని తూకంలో కలపొద్దు. కొసరుగా వేయండి.”

ఆ అమ్మాయి నన్ను వింతగా చూసి, నవ్వి, ఒప్పుకుంది. నేను నెగ్గాను.

చెయ్యి లోపలివైపు పెన్నుతో అంకెలు వేసింది. మొదటి చుక్క తప్పకుండా పొంగాలట, రెండోది ఉత్త ఉప్పునీరు కాబట్టి పొంగకూడదట. ఆ రెండూ సరిగ్గా ఉంటేనే మిగతావాటిని నమ్మాలి. ఖాళీ తక్కెడ నిలబడిందో లేదో చూపించి తూకం మొదలుపెట్టడం మాకూ ఉంది, అందుకని నాకు పరీక్ష మీద గౌరవం కుదిరింది. చీమ కుట్టినంత నొప్పి. చేప సీసాలు వరసగా అయ్యాయి. అంకెలకు చోటు అయిపోయాక, మోచేతి మడత దగ్గర, రొయ్య చుక్క కొసరుగా పడింది.

గోక్కోకుండా కూర్చోమన్నారు. నేను చేప చుక్కలనే చూస్తున్నాను. దురద మాత్రం మోచేతి దగ్గర మొదలయింది. దోమేమో అనుకున్నాను. డాక్టరమ్మ వచ్చి చూసేసరికి చేపల వరసంతా చదునుగా ఉంది. మడత దగ్గర నానిన శనగగింజంత దద్దురు, చుట్టూ ఎరుపు.

“చేప ఏదీ పొంగలేదు సార్. రొయ్య పొంగింది.”

“రొయ్య నేను కొనను గదమ్మా.”

“కొంటారా అని కాదు సార్. తింటారా అని.”

“కొనకుండా ఎట్ట తింటాము?”

ఆమె ఓపికగా చెప్పింది. దద్దురు ఒక్కటే చూసి తీర్పు చెప్పరట. అది తిన్నప్పుడు ఒంటికి ఏమయిందో కూడా కలవాలట. ఇంట్లో వండేవాళ్ళను అడగమంది. ఇంటికి ఫోన్ చేసి, డాక్టరమ్మకు కూడా వినిపించేలా స్పీకర్ పెట్టాను.

“మేయ్, మనింట్లో రొయ్యలు వండినామా ఎప్పుడన్నా?”

“రొయ్యలా? నువ్వు కొనుక్కోనొచ్చిన మొహమేనా? పెళ్ళయినకాణ్ణించీ అడగతానే ఉండా.”

“మెల్లిగా. డాక్టరమ్మ వింటా ఉండాది.”

“విననీలే, ఆయమ్మకన్నా దెలుస్తాది. ఆ యక్క కొసరేసే చిట్టిరొయ్యలు దప్పితే ఈ ఇంట్లో రొయ్య మొహం జూసిందెవురు?”

డాక్టరమ్మ ఫోన్ వైపు వంగింది.

“ఆ చిట్టిరొయ్యలు ఏం చేస్తారమ్మా?”

“ఏం జేస్తాం మేడమ్, ఒలిచి పులుసులోనే పడేస్తా. గుప్పెడుకు వేరే కూర యాడ జేసేది? పులుసుకు రుచొస్తాది.”

“ప్రతి వారం వేస్తారా?”

“లేదు మేడమ్. ఈయన బేరం గట్టిగా ఆడొచ్చిన వారం ఉంటాయి.”

డాక్టరమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. నాకూ నవ్వొచ్చేదే, కానీ ఒక్కో ఆదివారమూ కళ్ళముందు తిరుగుతోంది. పెదవి వాచిన వారం, దద్దుర్లొచ్చిన వారం, రెండు గుప్పెళ్ళ వారం. ఏమీ కానివన్నీ నేను బేరంలో ఓడిన వారాలు. ఏం తిన్నావని ఎవరడిగినా తూకానికి వచ్చింది చెప్పాను. కొసరు సరుకే కాదు నా లెక్కలో.

“నీకు దెలిసి గూడా చెప్పలేదేమే?” అన్నాను ఫోన్లోకి, ఎవరో ఒకరి మీద పెట్టాలి కదా.

“అడిగితే గదా. అందురూ ఏం చేప, ఏం చేప అన్నారు. రొయ్య చేపెప్పుడయింది?”

రొయ్య చేప కాదన్నది డాక్టరమ్మ కూడా ఒప్పుకుంది. రొయ్యకు పీతతో చుట్టరికం ఉంటుందట, చేపతో కాదు. రొయ్యా పీతా జన్మలో ముట్టవద్దంది. పొరపాటున తిని గొంతు పట్టేస్తే బిళ్ళ మింగి కూర్చోకుండా వెంటనే ఇంజెక్షన్ కోసం ఆసుపత్రికి పరుగెత్తమంది. చేప మీద అనుమానం పోయినట్టే, అయినా అంత పెద్ద గండం దాటారు కాబట్టి మొదటి ముద్ద నా కళ్ళముందే తినండి, రొయ్య తగలని పులుసు వండించుకుని రండి అంది. ఆ మాట ఫోన్లో మా ఆవిడా వింది. అవతల ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

“ఏ చేప తెమ్మంటారు మేడమ్?” అంది.

పులుసుతో నెల్లూరు పోవాల్సిన ముందురోజే చర్చి మలుపులో అక్కకు సంగతంతా చెప్పాను. ఆమె చేతిలో నీళ్ళ మగ్గు అలాగే ఉండిపోయింది.

“నా చేత్తో నేనే పెట్టినానా అన్నా నీకు?”

“నువ్వు పెట్టలేదక్కా. నేను సంచి తెరిచి పట్టుకోని పెట్టించుకున్నా.”

మర్నాడు రొయ్యల గంప ఇంకా దించకముందే నన్ను రమ్మంది. కత్తిపీట నా ఎదురుగా రుద్ది కడిగింది. కొత్త గోనె పరిచి, చేతులు మళ్ళీ కడుక్కుని, వంజరం కోసింది. ఇవేవీ నేను అడగలేదు. ధర చెప్పింది. సరేనన్నాను. ముక్కలు సంచిలో వేయబోతూ ఆమె ఆగింది.

“ఏందన్నా, ఇంకా బాగలేదా?”

“బాగుండానక్కా.”

“మరి బేరమాడు. నువ్వు నోరు మూసుకోని పోతే నాకు బయమేస్తాది.”

ఆమె మనశ్శాంతి కోసం కాసేపు ఆడాను. పాత అలవాటు, సంచి తెరిచే ఉంది. ఆమె అటూ ఇటూ చూసి, ఒడిలోంచి పచ్చిమామిడికాయ తీసి వేసింది.

“ఇది పడతాది గదా?”

టిఫిన్ క్యారియర్‌తో ఇద్దరం నెల్లూరు వెళ్ళాం. మూత తీయగానే మామిడికాయ పులుసు వాసన బయట కూర్చున్నవాళ్ళ దాకా పోయింది. ఎవరో “క్యాంటీన్ యాడుండాది?” అని అడగడం వినిపించింది. డాక్టరమ్మ చెంచాలో గోరంత ముక్క తీసింది. నేను కళ్ళు మూసుకుని భోజనానికి ముందు ప్రార్థన చేసుకున్నాను. మామూలుగా అది నాకు రెండు మాటల్లో అయిపోతుంది. ఆ రోజు భాయ్ స్కూటర్, కావలి ఇంజెక్షను, అక్క కడిగిన కత్తిపీట, నేను రొయ్య వద్దన్నా మానని డాక్టరమ్మ, తీగ దగ్గర దుప్పటి పట్టుకుని నిలబడ్డ మనిషి, అందరూ వరసగా వచ్చి నిలబడ్డారు. ఎవరినీ తోసేయడానికి లేకపోయింది. నర్సు కంగారుపడి, కళ్ళు తిరుగుతున్నాయా అని భుజం తట్టింది.

గోరంత తిన్నాను. ఆగాం. ఇంకాస్త. ఆగాం. మా ఆవిడ నా పెదవులనే చూస్తోంది, తూకంలో మోసం జరుగుతుందేమోనని ముల్లును చూసేవాళ్ళలాగా. “ఈసారి కొంచెం పెద్ద ముక్క...” అంటే “బేరాల్లేవు సార్” అంది డాక్టరమ్మ. చివరికి ముక్క పెద్దదయింది. గొంతు గొంతులాగే ఉంది. చాలాసేపు కూర్చోబెట్టి, చూసి, ఇక ఇంట్లో తినొచ్చని చెప్పి డాక్టరమ్మా నర్సూ బయటికి వెళ్ళారు.

మా ఆవిడ క్యారియర్ అడుగు గిన్నె తీసింది. అన్నం. నాకు వడ్డించింది. చాలన్నాను. వినలేదు. కొసరి కొసరి వడ్డించడం మొదలుపెట్టింది. పులుసు, ముక్క, మళ్ళీ పులుసు. తను ఇంకా రుచి కూడా చూడలేదని అప్పుడు గమనించాను. గరిటె ఆమె చేతిలోంచి తీసుకుని, క్యారియర్ మూత ఆమె చేతికిచ్చి, అందులో ఇంత అన్నం, నడుము ముక్క వేశాను.

తినడం మొదలుపెడుతుందనుకున్నాను. ఆమె మూత వెనక్కి తీసుకోలేదు. అలాగే నా ముందు చాచి పట్టుకుని, కిటికీలోంచి ఎటో చూస్తూ నిలబడింది.

ఇంకో ముక్క వేశాను.